అమ్మమ్మ చేత పాత సంగతులు చెప్పించడం ఎలా? ఉగాదికి ఊరెళ్తున్న మనవడికి జవాబు

ప్రశ్న: మా అమ్మమ్మకు ఎనభై ఏళ్లు. నరసరావుపేట దగ్గర పల్లెలో ఉంటుంది. ఈ 2026 ఉగాదికి పది రోజులు సెలవు పెట్టి వెళ్తున్నాను. ఆమె చిన్ననాటి సంగతులు, కాపురానికి వచ్చిన కొత్తలో జరిగినవి రికార్డు చేయాలని ఉంది. సంక్రాంతికి ఒకసారి ప్రయత్నిస్తే ‘నాదేముంది నాన్నా చెప్పడానికి’ అని తేల్చేసింది. నెట్‌లో దొరికిన వంద ప్రశ్నలు అడిగితే అన్నింటికీ ఒక్క ముక్కలో జవాబు. పాత ఆల్బం ఒకటి ఉంది, ఏ ఫొటో మీదా తేదీ లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి? మంచి మైకు కొనాలా?

జవాబు: ముందు ఆ వంద ప్రశ్నల కాగితాన్ని మడిచి పెట్టెలో పడేయండి. ‘మీ జీవితంలో అత్యంత ఆనందకరమైన రోజు ఏది?’, ‘జీవితం మీకు నేర్పిన పాఠం ఏమిటి?’ లాంటివి సన్మాన సభల్లో మాట్లాడి అలవాటైన వాళ్లకు సరిపోతాయి. ఊహ తెలిసినప్పటి నుంచి ఇంటి పని, పొలం పని చేస్తూ వచ్చిన మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి అలా అడిగితే, పాపం, పరీక్ష రాస్తున్నట్టు బిగుసుకుపోతుంది. నేను గ్రంథాలయంలో ఉద్యోగం చేసి రిటైరయ్యాక, పెద్దవాళ్లు చెప్పే సంగతులు రికార్డు చేసి, రాసి, వాళ్ల పిల్లలకు చిన్న పుస్తకంగా కుట్టించి ఇచ్చే పని పెట్టుకున్నాను. గుంటూరు, ప్రకాశం జిల్లాల పల్లెల్లోనే ఎక్కువ తిరిగాను. ఒక్క సంగతి మాత్రం గట్టిగా చెప్పగలను: ‘నీకు ఏమనిపించింది’ అని అడిగితే మాట రాదు, ‘అప్పుడు ఏం చేసేవాళ్లు, దేనితో చేసేవాళ్లు, పక్కన ఎవరు కూర్చునేవాళ్లు’ అని అడిగితే ఆగదు. ఏమనిపించిందో ఆ మాటల మధ్యలో తనంతట తానే బయటికి వస్తుంది.

మీరు వెళ్లే సమయం కూడా బాగుంది. సంక్రాంతికి ఇంటినిండా చుట్టాలు, ఎవరికీ తీరిక ఉండదు. ఫాల్గుణం చివర, చైత్రం మొదట్లో మన ఇళ్లలో జరిగే పనులు చాలావరకు కూర్చుని, చేతులతో, నెమ్మదిగా చేసేవి. కొత్త చింతపండు వస్తుంది. మిరపకాయలు కళ్లాల్లో ఎండి ఇంటికి చేరతాయి. వేపపువ్వు ఏరి నీడన ఆరబెట్టుకుంటారు. ఎండ కాస్త ముదిరాక వడియాలు, చల్లమిరపకాయలు మొదలవుతాయి. చేతులు పనిలో ఉన్న మనిషి ముఖం చూసుకోదు, మాట చూసుకోదు. మీరు కూడా పక్కనే కూర్చుని అదే పని చేస్తుంటే ఇంకా మంచిది, ఎదురుబొదురు కూర్చునే ఇబ్బంది తప్పుతుంది. మీరు వచ్చేలోపు చింతపండు పని ముగించవద్దని ఇప్పుడే ఫోను చేసి చెప్పండి. ఇంటి చెట్టు లేకపోతే పెంకు తీయని కాయ ఒక ఐదారు కిలోలు కొనిపెట్టమనండి.

చింతపండును ఎందుకు ముందు చెబుతున్నానంటే, దాని పని నాలుగు రకాలు. పెంకు కొట్టాలి, ఈనెలు లాగాలి, గింజ తీయాలి, ఉప్పు చల్లి కుండలోనో జాడీలోనో గట్టిగా అదిమి పెట్టాలి. ఒక్కో మెట్టుకు ఒక్కో కబురు ఉంటుంది. ‘చిన్నప్పుడు ఈ పని ఎవరి అరుగు మీద చేసేవాళ్లు అమ్మమ్మా?’ అని మొదలుపెట్టండి. అరుగు చెప్పిందంటే ఇల్లు చెప్పినట్టే, ఇల్లు చెప్పిందంటే ఆ ఇంట్లో మనుషులందరూ వరసగా వస్తారు. తర్వాత గింజల సంగతి అడగండి. ‘తీసిన గింజలు ఏం చేసేవాళ్లు?’ ఇది చాలా చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది. కానీ ఆ తరం ఆడపిల్లలకు వామనగుంటలు ఆడుకునే ఆస్తి ఈ గింజలే. పద్నాలుగు గుంటల పీట ఎవరింట్లో ఉండేది, లేకపోతే నేల మీదే గుంటలు తవ్వుకునేవాళ్లా, ఎవరు తొండి ఆడేవాళ్లు అని అడిగారంటే, అరవై డెబ్బై ఏళ్లుగా ఎవరూ పలకని స్నేహితురాళ్ల పేర్లు ఒక్కొక్కటిగా బయటికి వస్తాయి. వేయించి నానబెట్టి తిన్న గింజల మాట వస్తే అక్కడ కొంచెం ఆగండి. కొన్ని ఇళ్లలో అది పిల్లల సరదా. కొన్ని ఇళ్లలో కరువు రోజుల తిండి. ఏదో ఆవిడే చెబుతుంది.

మిరపకాయల తొడిమలు తీయడం కూడా కూర్చుని చేసే పనే, కాకపోతే ఆ ఘాటుకు రికార్డింగు నిండా మీ దగ్గులే వినిపిస్తాయి. అది వద్దు.

ఇక తేదీల సంగతి. మీ అమ్మమ్మ తరానికి ఇంగ్లీషు సంవత్సరం చెప్పమంటే చిరాకు. బడిలో వేసిన పుట్టిన తేదీని అసలే నమ్మకండి. ఆ కాలం రికార్డులు తిరగేస్తే ఊళ్లో సగం మంది జూలై 1నే పుట్టినట్టు ఉంటుంది, పంతులుగారు రాసుకున్న తేదీ అది. కానీ తెలుగు సంవత్సరం పేరు చెబితే దారి దొరుకుతుంది. ఆ పేర్లు అరవై ఏళ్లకు ఒకసారి తిరిగి వస్తాయి. ఈ మార్చి 19న వస్తున్న ఉగాదితో మొదలయ్యేది పరాభవ. కిందటి పరాభవ 1966–67. ఇప్పుడు ఎనభై అంటే ఆవిడ పార్థివలోనో వ్యయలోనో పుట్టి ఉండాలి, కాబట్టి కిందటి పరాభవ ఉగాదికి ఇరవై ఏళ్ల పిల్ల. పెళ్లయి కొత్తగా కాపురానికి వచ్చి ఉండవచ్చు, చంకలో మీ అమ్మో మామయ్యో ఉండవచ్చు. పండగ నాడు పంచాంగ శ్రవణం అయ్యాక, అందరూ తీరిగ్గా ఉన్నప్పుడు, ఈ ఒక్క ప్రశ్న వేయండి: ‘అమ్మమ్మా, పోయిన పరాభవ ఉగాదికి నువ్వు ఏ ఊళ్లో ఉన్నావు? ఆ రోజు పచ్చడి ఎవరు కలిపారు?’ వంద ప్రశ్నల కాగితం మొత్తం మీద ఇంత పని చేసే ప్రశ్న ఒక్కటి ఉండదు. ఇంకో అరవై ఏళ్ల దాకా ఇలా అడిగే వీలూ లేదు.

సంవత్సరం పేరు గుర్తు రాకపోతే ఊరికి పెద్దగా జరిగిన వాటిని గుర్తులుగా వాడండి. మీ వైపు అన్నింటికన్నా బలమైన గుర్తు నాగార్జునసాగర్ నీళ్లు. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది, 1967 ఆగస్టు 4న కాలువలకు నీళ్లు వదిలారు. మీ ఊరి కాలువకు ఆ ఏడే వచ్చాయో ఆ తర్వాత వచ్చాయో ఆవిడనే అడగాలి. ఏదైనా సరే, ‘కాలువ రాకముందా, వచ్చాకా?’ అన్న మాట మీ చేతిలో ఉంటే సగం సంగతులు తమ చోట తాము కూర్చుంటాయి. కాలువ ముందు ఇంట్లో రోజూ ఉడికింది ఏమిటి, జొన్నలా, సజ్జలా, వరిగలా? వరి అన్నం ఏ పండగలకు? తాగే నీళ్లు ఎంత దూరం నుంచి, ఎన్ని బిందెలు, ఎవరెవరు కలిసి వెళ్లేవాళ్లు? వేసవి మొదట్లో బావి ఎండిపోతే ఏం చేసేవాళ్లు? పల్నాడులో ఆడవాళ్ల జీవితం గురించి నేను రికార్డు చేసినవాటిలో బలమైన మాటలన్నీ నీళ్ల ప్రశ్నకే వచ్చాయి. దానికి ఒక పూట పూర్తిగా కేటాయించండి.

మిగతా గుర్తులు: 1957 ఏప్రిల్ 1న అణాలు పోయి నయా పైసలు వచ్చాయి, అప్పటికి ఆవిడ అంగడికి వెళ్లి బెల్లం కొనే వయసు పిల్ల. 1962 ఫిబ్రవరిలో ఎనిమిది గ్రహాలు ఒకే రాశిలో చేరే అష్టగ్రహ కూటమి అని దేశమంతా భయపడింది, ఊళ్లో ఎవరెవరు ఏం చేశారో అడగండి, నవ్వుతూ చెబుతారు. 1966లో విశాఖ ఉక్కు కోసం ఉద్యమం, నవంబరు 1న విశాఖలో కాల్పులు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన. 1979 జూలైలో అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ నెత్తిన పడుతుందని కోళ్లూ మేకలూ కోసుకుని తిన్న ఊళ్లు ఉన్నాయి. 1980 ఫిబ్రవరి 16న సూర్యగ్రహణం, పట్టపగలు వీధులన్నీ ఖాళీ. ‘స్కైలాబ్ నాటికి చిన్నమామయ్య పుట్టాడా?’ అంటే ఆవిడ తడుముకోదు. మీరు ఒక కాగితం మీద ఇవన్నీ నిలువుగా రాసుకుని, ఆవిడ చెప్పినవి పక్కన చేరుస్తూ వెళ్లండి. ఆ కాగితం మీ దగ్గరే ఉండాలి, ఆవిడ ముందు తీయకండి. కాగితం చూస్తే మళ్లీ పరీక్ష మొదలవుతుంది.

వసంతానికి సంబంధించిన చిన్న చిన్న తాళంచెవులు ఇంకా కొన్ని ఉన్నాయి. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లు, మీ ఊరి ప్రభ ఎంత ఎత్తు కట్టేవాళ్లు, కొండకు బండి మీద వెళ్లారా నడిచి వెళ్లారా, రాత్రి ఎక్కడ పడుకున్నారు. ఉగాది ముందు గోడలకు సున్నం, అందులో కాస్త నీలిమందు. శ్రీరామనవమి పందిట్లో పానకం, వడపప్పు, చేతికిచ్చే తాటాకు విసనకర్ర. ఒంటిపూట బడులు మొదలయ్యాక మధ్యాహ్నాలు పిల్లలు ఏ తోపుల్లో ఉండేవాళ్లు, ముంజెలు ఎవరు కొట్టిచ్చేవారు. వడియాల దగ్గర కాకుల కాపలా ఎవరిది. మల్లెపూలు మూరల లెక్కన కొనేవాళ్లా, దొడ్లో పూసేవా. వీటిలో ఏది తెరుచుకుంటుందో ముందే చెప్పలేం. ఒకటి తెరుచుకుంటే చాలు, మిగతావి వదిలేయండి.

ఒక సంగతి తెలిసి ఉంటే మంచిది. వయసు మళ్లినవారికి దాదాపు పదో ఏటి నుంచి ముప్ఫయ్యో ఏటి దాకా జరిగినవే ఎక్కువగా, స్పష్టంగా గుర్తుంటాయని జ్ఞాపకశక్తి మీద పనిచేసేవాళ్లు చాలాకాలంగా చెబుతున్నారు. మీ అమ్మమ్మ లెక్కలో అది సుమారుగా 1956 నుంచి 1976 దాకా. నలభై ఏళ్లు దాటాక జరిగినవి అడిగి, గుర్తులేదంటే దిగులుపడకండి. ఈ ఇరవై ఏళ్ల మీదే నిలవండి.

వంటల కొలతలు కూడా ఇప్పుడే పట్టుకోవాలి. ఉగాది పచ్చడి ఇంటికో రకం. మీ వైపు చిక్కగా చేసుకుని తింటారు, తెలంగాణలో చాలా ఇళ్లలో కొత్త కుండలో పలచగా కలిపి తాగుతారు. మీ ఇంట్లో అరటిపండు వేస్తారా, కారమా మిరియమా, పువ్వు పచ్చిదా నేతిలో వేయించిందా? ఎంత వేయాలి అని అడిగితే ‘చూసి వేయాలి’ అంటుంది. వాదించకండి. వంటింట్లో వాడే చిన్న తూకం ఒకటి కొని, పని మొదలుపెట్టేముందు బెల్లం గిన్నె, చింతపండు గిన్నె, ఉప్పు డబ్బా ఒక్కొక్కటి తూచి రాసుకోండి. అయ్యాక మళ్లీ తూయండి. తేడాయే మీకు కావలసిన కొలత. ఆవిడ చెయ్యి ఆగదు, మీకు లెక్క దొరుకుతుంది. వైశాఖంలో ఆవకాయకు మీరు ఉండరు కాబట్టి కొలతలు నోటితో చెప్పించుకోవలసిందే. సోల, తవ్వ, మానికల్లో చెబితే ఆ సోల ఇంట్లో ఇంకా ఉందేమో వెతికించండి. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక అన్న వరస అందరిదీ ఒకటే, కానీ సోల పరిమాణం ఊరూరికీ మారేది. దొరికితే అందులో నీళ్లు పోసి కొలుచుకోండి. దొరకకపోతే ‘సోల’ అనే రాయండి, గ్రాముల్లోకి ఊహించి మార్చకండి.

ఇప్పుడు చేయకూడనివి. ఆవిడ చెబుతుండగా మీ అమ్మో పిన్నో వచ్చి ‘అది అప్పుడు కాదమ్మా, అన్నయ్య పెళ్లిలో’ అని దిద్దుతారు. ఇది ప్రతి ఇంట్లో జరుగుతుంది. ఆ దిద్దుబాటుతో కథ అక్కడే చచ్చిపోతుంది. వాళ్లకు ముందే చెప్పి, వాళ్ల మాట విడిగా మరోపూట రికార్డు చేస్తానని మాటివ్వండి. రెండు కథలు రెండు రకాలుగా ఉంటే రెండూ ఉంచండి. ఎవరిది నిజమని తీర్పు చెప్పే పని మీది కాదు. చెప్పిందే మళ్లీ చెబితే ఆపకండి, రెండోసారికి కొత్త పేరో కొత్త మాటో కలుస్తుంది. మాట ఆగి ఖాళీ వస్తే తొందరపడి ఇంకో ప్రశ్న పడేయకండి. కుర్రవాళ్లకు ఆ నిశ్శబ్దం భరించడం కష్టం. చేతిలో ఈనెలు లాగుతూ కూర్చోండి, ఆవిడే అందుకుంటుంది. ఒక్కోపూటకు గంట చాలు, అది కూడా కాఫీ తర్వాత, ఎండ ఎక్కకముందు. పది రోజుల్లో నాలుగు పూటలు ఇలా జరిగితే మీరు అదృష్టవంతులు.

నెమ్మదిగా ఉండవలసిన చోటు ఇంకొకటి. ఆ తరం తల్లుల్లో పురిట్లోనో ఏడాది లోపో బిడ్డను పోగొట్టుకోనివారు తక్కువ. చింతపండు గింజల మాటల్లోంచి ఉన్నట్టుండి అది రావచ్చు. ఇంట్లో ఎవరికీ తెలియని పేరు కూడా వినిపించవచ్చు. ఓదార్పు మాటలు మొదలుపెట్టకండి, ‘అప్పుడు నీకు ఎలా ఉంది’ అని అసలే అడగకండి. వినండి. తర్వాత, ఆ రోజే, ‘ఇది ఉంచమంటావా, తీసేయమంటావా’ అని అడిగి ఆవిడ చెప్పినట్టు చేయండి. అత్తగారి సంగతులు, పొలం పంపకాల సంగతులు వచ్చినా ఇదే పద్ధతి. కుటుంబ వాట్సాప్ గుంపులో ముక్కలు ముక్కలుగా పెట్టే ఉత్సాహం మీకు వస్తుంది. ఆవిడ మొత్తం విని సరేననేదాకా ఒక్క ముక్క కూడా బయటికి పోకూడదు. నమ్మకం ఒకసారి పోతే రెండో పూట ‘నాదేముంది’ దగ్గరికే తిరిగి వస్తారు.

ఆల్బం మొదటి రోజు తీయకండి. ముందే ఫొటోలు చూపిస్తే ఆవిడ ఫొటోలో ఉన్నదే చెబుతుంది, ఫొటోకు అందనివి పక్కకు పోతాయి. మూడో నాలుగో రోజు తీయండి. అప్పుడు కూడా ‘ఇది ఎప్పుడు తీశారు’ అనకుండా ‘ఈ చీర ఎక్కడిది, ఈ వాచీ ఎవరిది, ఈ గోడ ఏ ఇంటిది’ అని అడగండి. వెనక స్టూడియో ముద్ర ఉందేమో చూడండి, ఊరి పేరు దొరికితే కొంత తేలుతుంది. తెల్ల అంచు, నలుపు తెలుపు, తెర మీద గీసిన మేడమెట్లు ఉంటే స్టూడియో ఫొటో. మామూలు ఇళ్లలోకి రంగుల ఫొటోలు బాగా వచ్చింది 1980ల్లో. పేజీకి జిగురు, పైన ప్లాస్టిక్ పొర ఉండే ఆల్బమైతే ఫొటోలకు అదే శత్రువు. గోటితో పీకకండి. దంతాలు శుభ్రం చేసుకునే సన్నని దారాన్ని కిందుగా జరుపుతూ విడదీయండి. ఏ మాత్రం మొండికేసినా వదిలేసి పేజీతో సహా స్కాన్ చేయండి. చిన్న ఫొటోలకు అంగుళానికి 600 చుక్కల స్పష్టత పెట్టండి. వెనక పేర్లు రాయాలంటే మెత్తని పెన్సిలుతో, అంచు దగ్గర, తేలికగా. బాల్ పెన్ను ముద్ర ముందువైపుకు పొడుచుకొస్తుంది.

ట్రంకుపెట్టె అడుగున ఇంకా ఏముందో కూడా చూడండి. పాత పంచాంగాల అంచుల మీద పుట్టిన నక్షత్రాలు, అప్పులు, గేదె ఈనిన రోజు రాసుకునేవారు. రేడియో లైసెన్సు పుస్తకం, ఇన్‌లాండ్ ఉత్తరాలు, పాల లెక్కల క్యాలెండరు ఏది దొరికినా తేదీ ఉన్న కాగితమే.

మైకు కొనకండి, మీ ఫోను సరిపోతుంది. విమానం మోడ్‌లో పెట్టండి, లేకపోతే మంచి మాట దగ్గరే ఫోను మోగుతుంది. మడిచిన తువ్వాలు మీద, ఆవిడకు మూరెడు దూరంలో, కనిపించేలా పెట్టి, రికార్డు చేస్తున్నానని చెప్పండి. దొంగచాటుగా వద్దు. సీలింగ్ ఫ్యాను ఆపించండి. ఉక్కపోస్తే వరండాలోకి మారండి. కాకులు, కోడి, వీధిలో ఉప్పు అమ్మేవాడి కేక రికార్డులో పడితే పడనివ్వండి. వీడియో ఒక్క పది నిమిషాలు చాలు, అది కూడా ముఖానికి కాదు, చింతపండు తీస్తున్న చేతులకు. ప్రతి రికార్డుకూ ఆ రోజే పేరు పెట్టండి: తేదీ, ఊరు, మాటల్లో వచ్చిన ముఖ్యమైన విషయం. మూడు ప్రతులు చేసి, అందులో ఒకటి వేరే ఊళ్లో ఉన్న వారి దగ్గర ఉంచండి.

కాగితం మీదికి ఎక్కించడం పెద్ద పని, గంట మాటకు నాలుగైదు గంటలు పడుతుంది. సెలవులో మొదలుపెట్టకండి, ఊళ్లో ఉన్న సమయం వినడానికే. రాసేటప్పుడు ఆవిడ మాటను పుస్తకాల తెలుగులోకి మార్చకండి, పల్నాటి మాట పల్నాటి మాటగానే ఉండాలి. పెద్ద అక్షరాల్లో అచ్చు తీసి దసరాకు తీసుకెళ్లండి. ఆవిడ చదవలేకపోతే మీరే పక్కన కూర్చుని పైకి చదవండి, చేతిలో పెన్సిలు ఉంచుకోండి. కొట్టేయమన్నవి కొట్టేయాలి. చేర్చమనేవి అంతకన్నా ఎక్కువే ఉంటాయి, కాబట్టి అప్పుడు కూడా ఫోను చార్జింగు నిండుగా ఉండాలి.